టాన్సిల్స్ ఆపరేషన్: ఎవరికి అవసరం? ఎవరికి అక్కరలేదు?

"మా బాబుకి టాన్సిల్స్ ఉన్నాయటండి. ఆపరేషన్ చేయించేయమంటున్నారు." చెవి, ముక్కు, గొంతు విభాగానికి వచ్చే తల్లిదండ్రులు తరచు అనే మాట ఇది. నిజానికి టాన్సిల్స్ అన్నది జబ్బు పేరు కాదు. కళ్ళు, చెవులు ఉన్నట్టే టాన్సిల్స్ కూడా ప్రతి బిడ్డకూ పుట్టుకతోనే ఉంటాయి. వాటికి ఇన్‌ఫెక్షన్ సోకి వాచినప్పుడే అది జబ్బు. దాన్ని టాన్సిలైటిస్ అంటారు.

ఈ ఆపరేషన్ కొందరు పిల్లలకు ఎంతో మేలు చేస్తుంది. రాత్రిళ్ళు ఊపిరి ఆడక అవస్థ పడే బిడ్డ హాయిగా నిద్రపోతాడు. నెల నెలా జ్వరంతో బడి మానే పాప కుదుటపడుతుంది. అయితే ఆపరేషన్ అవసరం లేని పిల్లలు వీరికంటే చాలా ఎక్కువమంది. మన బిడ్డ ఏ కోవకు చెందుతాడో తెలుసుకోవడం ఎలాగన్నదే ఈ వ్యాసంలోని విషయం.

టాన్సిల్స్ అంటే ఏమిటి?

నోరు బాగా తెరిచి "ఆ" అనమంటే గొంతు మధ్యలో వేలాడుతూ కొండనాలుక కనిపిస్తుంది. దానికి రెండు పక్కలా గులాబీ రంగులో ఉండే గుండ్రని కండలే టాన్సిల్స్. నోటి ద్వారా, ముక్కు ద్వారా లోపలికి వచ్చే క్రిములను గుర్తుపట్టి, వాటితో పోరాడడం శరీరానికి నేర్పే కావలివాళ్ళ వంటివి ఇవి. ఇటువంటి కణజాలమే ముక్కు వెనుక భాగంలో కూడా ఉంటుంది. దాన్ని అడినాయిడ్స్ అంటారు. అది నోరు తెరిస్తే కనిపించదు.

దవడ కింద, మెడ పక్కన చేతికి తగిలే బిళ్ళలను చాలామంది టాన్సిల్స్ అనుకుంటారు. అవి లింఫు గ్రంథులు. గొంతులో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు అవి కూడా వాస్తాయి. ఇక చెవి కింద చెంప ఉబ్బి వచ్చే గవదబిళ్ళలు వేరే వైరస్ వల్ల వచ్చే జబ్బు. ఈ మూడింటినీ కలిపేసుకోకూడదు.

పెద్దవిగా ఉంటే తీసేయాలా?

అక్కరలేదు. మూడు నాలుగేళ్ళ వయసు నుంచి ఏడెనిమిదేళ్ళ వరకు టాన్సిల్స్ పెద్దవిగా కనిపించడం సహజం. బిడ్డ బడిలో చేరి, కొత్త క్రిములను ఎదుర్కొనే వయసు అది. తరువాత అవి వాటంతట అవే చిన్నవవుతాయి. జ్వరాలు లేకుండా, రాత్రి నిద్రకు ఇబ్బంది లేకుండా ఉన్న బిడ్డకు టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నాయన్న ఒక్క కారణంతో ఆపరేషన్ చేయరు.

నోట్లోకి టార్చిలైటు వేసి చూసి మాత్రమే నిర్ణయిస్తే ఏమవుతుందో 1934లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో బయటపడింది. న్యూయార్కు నగరంలో పదకొండేళ్ళ వయసున్న 1000 మంది బడి పిల్లలను పరీక్షించారు. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. మిగిలిన 389 మందిని డాక్టర్లు చూసి 174 మందికి తీయాలన్నారు. అక్కరలేదన్న 215 మందిని వేరే డాక్టర్లకు చూపిస్తే వారిలో 99 మందికి తీయాలన్నారు. మిగిలిన 116 మందిని మరికొందరు డాక్టర్లకు చూపిస్తే ఇంకో 51 మందికి తీయాలన్నారు. చివరికి వెయ్యి మందిలో ఆపరేషన్ మాట వినని పిల్లలు 65 మందే మిగిలారు! ఎప్పుడు చూపించినా ఇంచుమించు సగం మందికి తీయాలనే అన్నారు. ఒక్కసారి గొంతు చూసినంత మాత్రాన తేల్చగల విషయం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఏడు, అయిదు, మూడు: ఈ లెక్క గుర్తుంచుకోండి

మరి దేన్నిబట్టి నిర్ణయించాలి? అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ జాక్ పారడైజ్, ఆయన సహచరులు చాలా ఏళ్ళు పిల్లలను గమనించి 1984లో తమ ఫలితాలను ప్రకటించారు. వారు వాడిన లెక్కనే నేటికీ చాలా దేశాల వైద్యులు పాటిస్తున్నారు. గొంతు ఇన్‌ఫెక్షన్లు కింది విధంగా వస్తుంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.

• గత ఒక్క సంవత్సరంలో 7 సార్లు లేదా అంతకంటే ఎక్కువ, లేదా
• గత రెండేళ్ళలో ఏడాదికి 5 సార్ల చొప్పున, లేదా
• గత మూడేళ్ళలో ఏడాదికి 3 సార్ల చొప్పున.

ప్రతి గొంతు నొప్పీ ఈ లెక్కలోకి రాదు. గొంతు నొప్పితో పాటు ఈ నాలుగింటిలో కనీసం ఒకటైనా ఉండాలి.

1. 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం
2. మెడలోని గ్రంథులు వాచి, తాకితే నొప్పి ఉండడం
3. టాన్సిల్స్ మీద తెల్లని చీము మచ్చలు
4. గొంతులో దూదిపుల్లతో తీసిన నమూనా పరీక్షలో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా కనిపించడం

ముక్కు కారుతూ, తుమ్ములు, దగ్గు, గొంతు బొంగురుపోవడంతో వచ్చే గొంతు నొప్పి సాధారణంగా వైరస్ వల్ల వస్తుంది. అది కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. టాన్సిల్స్ తీసేసినా అలాంటి జలుబులు వస్తూనే ఉంటాయి.

ఆ 1984 పరిశీలనలో ఆపరేషన్ చేయించుకున్న పిల్లలకు మొదటి రెండేళ్ళు గొంతు ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. అయితే ఆపరేషన్ చేయించుకోని పిల్లల్లో కూడా చాలామందికి ఏడాదికి మూడుసార్ల కంటే తక్కువే వచ్చాయి. వచ్చినవి కూడా చాలావరకు తేలికపాటివే. ఎదుగుతున్న కొద్దీ ఈ బాధ తగ్గడం సహజమన్నమాట. ఇంతకంటే తక్కువసార్లు జబ్బుపడే పిల్లల మీద అదే బృందం మరో పరిశీలన చేసి 2002లో ప్రకటించింది. వారికి ఆపరేషన్ వల్ల కలిగే లాభం కొద్దిపాటిదేననీ, దానికోసం ఆపరేషన్ ప్రమాదానికి, నొప్పికి, ఖర్చుకు సిద్ధపడనక్కరలేదనీ తేల్చింది.

అందుకే పై లెక్క నిండని పిల్లలను "కొన్నాళ్ళు కనిపెట్టి చూద్దాం" అని డాక్టరుగారు అంటారు. డాక్టరుగారు పట్టించుకోలేదని ఆ మాటకు అర్థం కాదు. కనిపెట్టి చూడడం కూడా వైద్యమే.

జ్ఞాపకం కంటే నోటుబుక్కు మేలు

"మా పాపకి ఎప్పుడూ గొంతు నొప్పేనండి" అని తల్లి అన్నప్పుడు ఆమె అబద్ధం చెప్పడం లేదు. రాత్రంతా మేలుకుని తడిగుడ్డ వేసిన తల్లికి రెండుసార్లు వచ్చిన జ్వరం పదిసార్లు వచ్చినట్టే ఉంటుంది. కానీ జ్ఞాపకం మీద ఆధారపడి ఆపరేషన్ చేయడం సరికాదు. పైన చెప్పిన బృందమే 1978లో మరో సంగతి బయటపెట్టింది. తరచు గొంతు నొప్పి వస్తోందని పెద్దలు చెప్పినా సరైన రికార్డు లేని 65 మంది పిల్లలను వారు దగ్గరగా గమనించారు. చెప్పినంత తరచుగా, చెప్పినంత తీవ్రంగా జబ్బుపడినది వారిలో 11 మందే.

కాబట్టి ఒక చిన్న నోటుబుక్కు కొని, బిడ్డ ఆస్పత్రి కాగితాలతో పాటు ఉంచండి. గొంతు నొప్పి వచ్చిన ప్రతిసారీ ఈ వివరాలు రాయండి.

• తేదీ, ఎన్ని రోజులు ఉంది
• థర్మామీటరుతో చూసిన జ్వరం (చెయ్యి పెట్టి చూసింది కాదు)
• జలుబు, దగ్గు ఉన్నాయా
• మింగడం కష్టమైందా, మెడలో బిళ్ళలు వాచాయా
• గొంతు చూసిన డాక్టరు ఏమన్నారు
• ఏ మందు, ఎన్ని రోజులు వాడారు
• బడి ఎన్ని రోజులు మానాడు

ఉదాహరణకు: "జూలై 8. జ్వరం 102. దగ్గు లేదు. టాన్సిల్స్ మీద తెల్ల మచ్చలు ఉన్నాయని డాక్టరుగారు చెప్పారు. అమాక్సిసిలిన్ 10 రోజులు. బడి 4 రోజులు మానాడు." ఇంత రాస్తే చాలు. చదువు రాని తల్లులు పెద్ద పిల్లలచేత గానీ, ఆస్పత్రిలో సిస్టరుచేత గానీ రాయించుకోవచ్చు.

గుండె సంగతి మరువకండి

గొంతు నొప్పితో వచ్చే పిల్లల్లో నూటికి 20 నుంచి 30 మందికి స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కారణమవుతుంది. 5 నుంచి 15 ఏళ్ళ వయసులో ఇది ఎక్కువ. దీనికి సరైన మందు పడకపోతే, కొందరిలో రెండు మూడు వారాల తరువాత కీళ్ళు వాచి, ఒక కీలు నుంచి మరో కీలుకు నొప్పి పాకుతూ జ్వరం వస్తుంది. దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్ళ నొప్పులు తగ్గిపోతాయి గాని గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. మన దేశంలో చిన్న వయసులోనే గుండె ఆపరేషన్ దాకా వెళ్ళేవారిలో ఈ జబ్బు బారిన పడినవారు ఉన్నారు.

దీన్ని ఆపేది సరైన యాంటీబయాటిక్. డాక్టరుగారు పెన్సిలిన్ గాని, అమాక్సిసిలిన్ గాని 10 రోజులు రాస్తే 10 రోజులూ వాడాలి. రెండు రోజులకు జ్వరం తగ్గింది కదా అని మానేయకూడదు. గొంతు నొప్పి మొదలైన 9 రోజులలోపు మందు మొదలుపెడితే రుమాటిక్ జ్వరాన్ని నివారించవచ్చు. కాబట్టి మందుల షాపులో అడిగి రెండు మాత్రలు వేసేసి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

"టాన్సిల్స్ తీసేస్తే గుండె జబ్బు రాదు కదా" అని కొందరు అడుగుతారు. ఆ ఒక్క కారణంతో తీయించాలని వైద్యులు చెప్పరు. టాన్సిల్స్ లేకపోయినా ఆ బాక్టీరియా గొంతుకు సోకగలదు. ఇప్పటికే రుమాటిక్ జ్వరం వచ్చి, మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకుంటున్న పిల్లలు టాన్సిల్స్ తీసిన తరువాత కూడా దాన్ని ఆపకూడదు.

రాత్రి నిద్ర ఎలా ఉంది?

ఆపరేషన్‌కు రెండో ముఖ్యమైన కారణం గొంతు నొప్పి కాదు, ఊపిరి. టాన్సిల్స్, అడినాయిడ్స్ బాగా పెరిగి గాలి దారికి అడ్డుపడితే నిద్రలో బిడ్డకు ఊపిరి సరిగా అందదు. బిడ్డ నిద్రపోయాక పక్కన కూర్చుని గమనించండి.

• జలుబు లేకపోయినా ప్రతి రాత్రీ గురక పెడుతున్నాడా?
• గురక మధ్యలో ఊపిరి ఆగి, తరువాత ఉలిక్కిపడి పీలుస్తున్నాడా?
• నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వాల్చి పడుకుంటున్నాడా?
• మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందా?
• పగలు చిరాకు, మగత, చదువు మీద ధ్యాస లేకపోవడం ఉన్నాయా?
• వయసుకు తగ్గ బరువు పెరగడం లేదా?

గాఢ నిద్రలో ఉండగా రెండు నిమిషాలు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి తీసుకువస్తే డాక్టరుగారికి ఎంతో ఉపయోగం. కొందరు పిల్లలకు నిద్ర పరీక్ష అవసరం కావచ్చు.

ఇక్కడ కూడా కంగారు వద్దు, నిర్లక్ష్యం వద్దు. 5 నుంచి 9 ఏళ్ళ వయసున్న 464 మంది పిల్లలపై అమెరికాలో జరిగిన పరిశీలన 2013లో వెలువడింది. ఏడు నెలల తరువాత చూస్తే, ఆపరేషన్ చేసిన పిల్లల్లో నూటికి 79 మందికి నిద్ర పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూసిన వారిలో కూడా నూటికి 46 మందికి అలాగే వచ్చింది. కానీ ప్రవర్తన, నిద్ర, రోజువారీ జీవితం ఆపరేషన్ అయిన పిల్లల్లోనే ఎక్కువగా మెరుగుపడ్డాయి. కాబట్టి ఊపిరి ఆగుతూ, పగటిపూట కూడా దాని ప్రభావం కనిపిస్తున్న బిడ్డ విషయంలో గొంతు నొప్పుల లెక్క నిండే దాకా ఆగనక్కరలేదు.

మరికొన్ని కారణాలు

• టాన్సిల్ పక్కన చీముగడ్డ ఒకటి కంటే ఎక్కువసార్లు రావడం.
• చాలా రకాల యాంటీబయాటిక్స్ పడని బిడ్డకు ఇన్‌ఫెక్షన్లు తిరగబెట్టడం.
• పెద్దవారిలో ఒకవైపు టాన్సిల్ మాత్రమే పెరగడం, పుండు పడడం, మెడలో గట్టి గడ్డ ఉండడం. ముఖ్యంగా చుట్ట, బీడీ, గుట్కా, మద్యం అలవాటున్నవారు ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. కాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికి పరీక్ష అవసరం.

తరచు గొంతు నొప్పి వచ్చే పెద్దవారికి కూడా ఆపరేషన్ కొంత ఉపయోగపడుతుంది. బ్రిటన్‌లో 453 మంది పెద్దవారిపై జరిగిన పరిశీలన 2023లో వెలువడింది. రెండేళ్ళలో గొంతు నొప్పితో గడిపిన రోజులు ఆపరేషన్ అయినవారికి సుమారు 23, కానివారికి సుమారు 30. ఈ తేడా కోసం రెండు వారాల నొప్పిని భరించడానికి సిద్ధమా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఆపరేషన్‌లో ఏం జరుగుతుంది?

పూర్తి మత్తు ఇచ్చి, నోటి లోపలి నుంచే టాన్సిల్స్ తీస్తారు. బయట కోత, కుట్లు ఉండవు. దగ్గు, జలుబు, జ్వరం ఉంటే ముందే చెప్పండి, వాయిదా వేస్తారు. ఊగుతున్న పళ్ళు ఉంటే మత్తు డాక్టరుకు చూపించండి. చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం ఇంట్లో ఎవరికైనా ఉంటే తప్పక చెప్పాలి. ఆహారం, నీళ్ళు ఎన్ని గంటల ముందు ఆపమంటే అప్పుడే ఆపాలి. "పాపం, ఆకలేస్తోంది" అని అమ్మమ్మలు చాటుగా బిస్కెట్ పెట్టడం మత్తు సమయంలో ప్రాణం మీదికి తెస్తుంది.

నొప్పి ఒకటి రెండు వారాలు ఉంటుంది. చెవిపోటులా కూడా అనిపించవచ్చు. టాన్సిల్స్ తీసినచోట తెల్లగా కనిపించేది చీము కాదు, మానుతున్న పుండు. చల్లని పాలు, మజ్జిగ, జావ, మెత్తని ఇడ్లీ, పెరుగన్నం పెట్టండి. ఐస్‌క్రీమ్ కూడా పెట్టవచ్చు. జంతికలు, అప్పడాలు, కారం, ఊరగాయలు వద్దు. నొప్పి మందు మొదటి రోజుల్లో వేళకు ఇస్తే బిడ్డ నీళ్ళు తాగుతాడు. తాగడం మానేస్తేనే నొప్పి, జ్వరం పెరుగుతాయి. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. కోడీన్ ఉన్న మందులు పిల్లలకు ఇవ్వకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తపడవలసింది రక్తస్రావం గురించి. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 2003, 2004 సంవత్సరాలలో ఆపరేషన్ చేయించుకున్న 33,921 మంది వివరాలు సేకరిస్తే, నూటికి 3.5 మందికి తరువాత రక్తస్రావమైంది. నూటికి ఒకరికంటే కొంచెం తక్కువ మందిని తిరిగి ఆపరేషన్ గదికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. ఆపరేషన్ రోజునే కాక, 5 నుంచి 10 రోజుల మధ్య పొర ఊడేటప్పుడు కూడా రక్తం రావచ్చు. అందుచేత రెండు వారాలపాటు దూరప్రయాణాలు, పెళ్ళిళ్ళు, ఆటలు పెట్టుకోవద్దు. ఊరు దూరమైతే ఆస్పత్రికి దగ్గరలో ఉన్న చుట్టాలింట్లో ఉండడం మంచిది. నోట్లో ఎర్రని రక్తం కనిపించినా, బిడ్డ మాటిమాటికీ గుటకలు వేస్తూ రక్తం వాంతి చేసుకున్నా వెంటనే బయలుదేరండి.

సందేహాలు – సమాధానాలు

టాన్సిల్స్ తీస్తే రోగనిరోధక శక్తి పోతుందా?
పోదు. ఆ పని చేసే కణజాలం గొంతులో, శరీరమంతటా ఇంకా చాలా ఉంది. అలాగని అవసరం లేకుండా తీయకూడదు.

మా అమ్మాయి సండే స్కూలులో పాటలు పాడుతుంది. గొంతు మారిపోతుందా?
మాట పుట్టేది కింద ఉన్న స్వరపేటికలో. ఆపరేషన్ అక్కడికి పోదు. కొన్నాళ్ళు మాట కొంచెం తేడాగా వినిపించి సర్దుకుంటుంది.

ఐస్‌క్రీమ్ తింటే టాన్సిలైటిస్ వస్తుందా?
అది వచ్చేది క్రిముల వల్ల, ఒకరి నుంచి ఒకరికి. చేతులు కడుక్కోవడం, జబ్బుగా ఉన్నవారి గ్లాసు వాడకపోవడం ముఖ్యం.

కొండనాలుక దిగిందని నడినెత్తిన జుట్టు లాగడం, వేలితో గొంతులో నొక్కించడం చేయవచ్చా?
చేయకూడదు. వాచిన చోట గాయమై రక్తం వస్తుంది, ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించడం చాలు.

వేసవి సెలవుల్లో చేయించేస్తే పనైపోతుంది కదా?
అవసరమని తేలితే సెలవులు మంచి సమయమే. సెలవులున్నాయి కదా అని ఆపరేషన్ నిర్ణయించుకోవద్దు.

వెంటనే ఆస్పత్రికి రావలసిన లక్షణాలు

• ఊపిరి పీల్చడం కష్టమవడం, పీల్చేటప్పుడు శబ్దం రావడం
• ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం
• నోరు తెరవలేకపోవడం, ఒకవైపే తీవ్రమైన నొప్పి
• మెడ బాగా ఉబ్బి, గొంతులో బూడిదరంగు పొర ఉండడం. ఇది కంఠసర్పి (డిఫ్తీరియా) కావచ్చు. పొరను గీకవద్దు. పిల్లలకు టీకాలన్నీ, అయిదారేళ్ళకు వేసే బూస్టరుతో సహా, వేయించండి.

డాక్టరుగారిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి

1. మా బిడ్డకు ఆపరేషన్ ఏ కారణంతో చెబుతున్నారు? ఇన్‌ఫెక్షన్లా, ఊపిరా?
2. ఆరు నెలలు ఆగి చూస్తే ఏమైనా ప్రమాదం ఉందా?
3. టాన్సిల్స్ మాత్రమే తీస్తారా, అడినాయిడ్స్ కూడానా?
4. ఖర్చు ఎంత, మా ఆరోగ్య కార్డు వర్తిస్తుందా, ఇంటికి వెళ్ళాక రక్తం వస్తే రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలి?

ఇలా అడిగితే డాక్టరుగారు ఏమీ అనుకోరు. తారీఖులతో రాసిన నోటుబుక్కు, నిద్రలో తీసిన వీడియో తీసుకుని వచ్చే తల్లిదండ్రుల బిడ్డకు సరైన నిర్ణయం చెప్పడం డాక్టరుకూ సులువు. తీయాలన్నా, ఆగమన్నా, ఎందుకో మీకు అర్థమయ్యాకే సంతకం పెట్టండి.